టీడీఎస్ మీటరు ఫొటోలతో కేసు నిలవదు

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొని దిగి మూడున్నరేళ్ళయింది. బ్రోచర్‌లో ‘ప్రతి కుళాయికీ సాఫ్టెన్ చేసిన నీరు’ అని వేశారు. వచ్చేది మాత్రం హార్డ్ వాటర్. రెండు గీజర్లు పోయాయి, మా ఆవిడకు జుట్టు ఊడుతోంది, పాపకు ఒళ్ళంతా దురద. నాన్నగారు పొలం అమ్మి ఇచ్చిన డబ్బండీ అది, తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు. టీడీఎస్ మీటరు ఫొటోలు, గ్రూపులో మెసేజ్‌లు అన్నీ ఉన్నాయి. కన్స్యూమర్ కోర్టుకు వెళ్ళొచ్చా? ఈలోపు మెయింటెనెన్స్ కట్టడం ఆపేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాక్కావలసిన ఒక్క ముక్క అందులో లేదు. ఈ సంగతి బిల్డర్‌కి ఎప్పుడు చెప్పారు, చెప్పినట్టు కాగితం ఏది? గ్రూపులో వాళ్ళూ వీళ్ళూ తిట్టుకోవడం బిల్డర్‌కి ఫిర్యాదు చేసినట్టు కాదండీ.

ఎందుకు అడుగుతున్నానంటే, ఇళ్ళ కొనుగోలుదారుల రక్షణకున్న రియల్ ఎస్టేట్ చట్టం, అదే రెరా, 14(3) సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్ళలోపు లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, అతను 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి, లేకపోతే పరిహారం ఇవ్వాలి. నిర్మాణ లోపమే కానక్కర్లేదు, సేవల్లో లోపమైనా, అగ్రిమెంటులో ఒప్పుకున్నది చేయకపోయినా వర్తిస్తుంది. మీకింకా ఏడాదిన్నర ఉంది. కన్స్యూమర్ కమిషన్‌కైతే గడువు రెండేళ్ళే. కుళాయి తిప్పిన మొదటి రోజే మీకు తెలిసిందిగా అని అవతలి లాయరు మొదలెడతాడు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, రోజూ జరుగుతున్న నష్టమే అనీ వాదించొచ్చు, కానీ గడువులో ఉన్న దారి ఒకటి ఉండగా ఆ తలనొప్పి ఎందుకు? ఇప్పుడు నోటీసు పంపినంత మాత్రాన దాటిపోయిన గడువు మళ్ళీ మొదలవదు.

ఇక సాక్ష్యం. టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంచనా చూపిస్తుంది, కఠినత్వాన్ని, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో, విడిగా చెప్పదు. సాఫ్టెనర్ చేసే పని కాల్షియం, మెగ్నీషియం తీసి ఆ స్థానంలో సోడియం పెట్టడమే కాబట్టి, అది బ్రహ్మాండంగా పనిచేస్తున్నా మీటరు అంకె పెద్దగా తగ్గదు. మీ ఫొటోలు కొట్టేయడానికి వాళ్ళకు రెండు నిమిషాలు చాలు. పరీక్ష రిపోర్టులో ‘టోటల్ హార్డ్‌నెస్’ అని ఉండాలి. తాగునీటికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఆ 600 అంకె పట్టుకుని బిల్డర్ తప్పించుకోవాలని చూస్తాడు కాబట్టి మీ వాదన ప్రమాణం మీద కాదు, బ్రోచర్‌లో ఇచ్చిన మాట మీద నిలబెట్టండి. జుట్టు, దురద వదిలేయండి. హార్డ్ వాటర్ వల్లే అని ఏ డాక్టరూ గట్టిగా రాసివ్వడు, అది వీగిపోతే మిగతాదీ పలచబడుతుంది.

శాంపిల్ మీరే కూల్‌డ్రింక్ సీసాలో పట్టి పంపకండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్ మనిషినే పిలవండి, ఏ రోజు వస్తారో బిల్డర్‌కి ముందే రాయండి. ఒకే రోజు మూడు చోట్ల తీయించండి: సాఫ్టెనర్‌లోకి వెళ్ళేముందు, బయటికొచ్చాక, మీ వంటింటి కుళాయి దగ్గర (ఆర్వో నుంచి కాదు!). సాఫ్టెనర్ దాటాక కూడా అంకె తగ్గకపోతే ప్లాంటుదే లోపం. అయితే అక్కడే ఒక ప్రమాదం ఉంది. సాఫ్టెనర్‌లో కాల్షియం, మెగ్నీషియం పట్టుకునే గుళికలని, అంటే రెజిన్‌ని, ఎప్పటికప్పుడు ఉప్పునీళ్ళతో కడగాలి. ప్లాంటు అసోసియేషన్ చేతికి వచ్చాక ఖర్చు తగ్గిద్దామని ఉప్పు బస్తాలు తెప్పించడం మానేశారా? అదే జరిగితే తప్పు మీది అంటాడు బిల్డర్. ఉప్పు బిల్లులు, హ్యాండోవర్ లెటరు వెతకండి.

అందుకే మెయింటెనెన్స్ ఆపడం అనే మాట ఎత్తొద్దు. ఆ డబ్బు అసోసియేషన్‌ది, బిల్డర్‌ది కాదు. రెరా చట్టం 19(6) సెక్షన్ ప్రకారం అది కట్టాల్సిన బాధ్యత మీదే. పైగా మీరు ఆపి, ఉప్పు కొనడానికి డబ్బుల్లేకపోతే, బిల్డర్‌కి కావలసిన వాదన మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు.

ఈ వారంలోనే బిల్డర్ కంపెనీ అడ్రసుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం, దాంతోపాటు మెయిల్ పంపండి. వీలైతే అసోసియేషన్ తరఫున కూడా. 30 రోజులు చూసి రెరాలో ఫిర్యాదు వేయండి, పరిహారానికి అక్కడే, దాన్ని తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గర విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. గ్రూపులో బిల్డర్ మనిషి ఎవరైనా ఉండి జవాబిచ్చి ఉంటే ఆ మెసేజ్‌లున్న మీ ఫోన్ మార్చకండి, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆ మెసేజ్‌లు దాఖలు చేయొచ్చు. సున్నం పట్టి లావెక్కిన గీజరు కాయిల్ మెకానిక్‌కి ఇచ్చేయకుండా, అతని రసీదుతో కలిపి కవర్లో కట్టి దాచండి. మీరు పంపిన బ్రోచర్ ఫొటోలో సరిగ్గా ఆ నీళ్ళ లైను మీదే స్టేప్లర్ పిన్ను పడి చిరిగింది. చిరగని కాపీ ఎవరి దగ్గరుందో ఈ రాత్రే గ్రూపులో అడగండి.