సూడాన్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

యుద్ధంలో చిక్కుకున్న సూడాన్‌లో మ్యూజియం సిబ్బందితో పనిచేయడానికి వెళ్తున్నానని రాశావు. గర్వంగా ఉంది, బెంగగానూ ఉంది. ఉద్యోగమంతా మ్యూజియం గోదాముల్లో గడిపినవాణ్ణే కానీ నేను యుద్ధం చూడలేదు. అందుకే చూసినవాళ్ళు చేసిన పని చెబుతాను.

1975లో లెబనాన్ అంతర్యుద్ధం మొదలయ్యాక బీరుట్ జాతీయ మ్యూజియం సరిగ్గా ఇరువర్గాల సరిహద్దు మీద పడింది. మ్యూజియం బాధ్యత చూస్తున్న మోరిస్ షెహాబ్, ఆయన భార్య ఓల్గా చిన్న వస్తువులను నేలమాళిగకు చేర్పించి గోడ కట్టించారు. కదలని రాతి శవపేటికలకు మొదట ఇసుక బస్తాలు, తర్వాత కాంక్రీటు తొడుగు. యుద్ధం ముగిసి పగలగొట్టి చూస్తే అవి నిలిచే ఉన్నాయి. నేలమాళిగలో మాత్రం తేమ చేరి కుడ్యచిత్రాలు దెబ్బతిన్నాయి. కాబట్టి దేన్నీ నేలకు ఆనించి దాచనివ్వకు.

ఆ మ్యూజియం పక్క విభాగంలో గుండ్లు పడి పటాలు, ఫొటోలు, రికార్డులు కాలిపోయాయి. నన్నడిగితే అదే పెద్ద దెబ్బ. దొంగిలించిన విగ్రహం వేలంశాలలో కనిపించినా, మనదని చూపే కాగితం లేకపోతే ఎవరు వింటారు? వెళ్ళగానే జాబితా పట్టు: కొలతలు, నాలుగు వైపుల ఫొటోలు, పెచ్చూడిన చోట్ల దగ్గరి ఫొటోలు. ఒక నకలు దేశం దాటించు. ఏ వస్తువు ఎక్కడ దాచారన్నది మాత్రం ఆ జాబితాలో రాయవద్దు. కాబూల్‌లో సుమారు 20,000 బంగారు వస్తువులు బ్యాంకు ఖజానాలో తాలిబన్ల తొలి పాలన దాటుకుని దక్కాయంటే, తెలిసిన కొద్దిమంది నోరు విప్పకపోవడం వల్లే.

ఇక మనుషులు. సిరియాలోని ప్రాచీన నగరం పాల్మైరా శిథిలాలను దశాబ్దాలు చూసుకున్న ఖాలిద్ అల్ అసద్ ఎనభై దాటిన వయసులో ఊరు వదలలేదు. 2015లో ఐసిస్ ఆయన్ను చంపింది. అలాంటి పెద్దాయన ఎదురైతే పొగడకు, బండెక్కించు. 2012లో ఆఫ్రికా దేశమైన మాలి ఉత్తర భాగంలో తీవ్రవాదులు సంగీతాన్ని నిషేధిస్తే కళాకారులు రాజధాని బమాకో చేరి అక్కడే వాయించారు. కళాకారుణ్ణి తరలిస్తే భార్యాపిల్లల్నీ, వాయిద్యాన్నీ కూడా తరలించాలి. ఆపైన అద్దె, వాయించే చోటు చూడాలి. మనవాళ్ళలా శాలువా కప్పి చేతులు దులుపుకుంటే ఆయన వంట ఎలా వండుకుంటాడు?

ఫోనులో లొకేషన్ ఆపెయ్యి. అక్కడి ఫొటోలు మన కుటుంబ గ్రూపులో పెట్టకు, మీ అత్తయ్య ఎంత అడిగినా సరే.

మామయ్య