శ్రీశైలం బయల్దేరే ముందు ఆ 22.4 సంగతి

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నీ జీతం డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు కొన్నావని, వచ్చే ఆదివారం అమ్మానాన్నల్ని ఎక్కించుకుని నువ్వే నడుపుతూ శ్రీశైలం వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. వీధిలో అందరికీ చెప్పుకున్నాను. ఆ తర్వాతే నువ్వు పంపిన ఫోటో చూశాను. డ్యాష్‌బోర్డు మీద లీటరుకు మైలేజీ 22.4, దాని కింద నీ మాట: "ఘాట్‌లో న్యూట్రల్ చేసి దింపితే 25 ఖాయం అంటున్నాడు బావ." అది చదివిన దగ్గర్నుంచి కుదురుగా లేను. ఫోన్‌లో చెప్తే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ 22.4. పోయిన పెట్రోలును కారు కొలవదు, లెక్క కడుతుంది. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో కారులోని కంప్యూటర్‌కు తెలుసు. దాన్ని బట్టి ఇంత పెట్రోలు పోయి ఉంటుందని అంచనా వేసి, చక్రాలు తిరిగిన దూరంతో లెక్క చూసి అంకె చూపిస్తుంది. ఇంజెక్టర్‌కు మడ్డి పట్టినా, పెట్రోల్ పంపు ప్రెషర్ తగ్గినా ఆ లెక్క తప్పుతుంది. టైర్లు అరిగినా అంతే. కొత్తలో 8 మి.మీ. ఉండే గాడి 2 మి.మీ.కి వచ్చిందంటే చక్రం చుట్టుకొలత సుమారు 2 శాతం తగ్గి, కారు నడవని కిలోమీటర్లు కూడా మీటరు చూపిస్తుంది. పైగా పాత ఓనరు ఆ సగటును ఎప్పుడు రీసెట్ చేశాడో ఎవరికి తెలుసు? ఆ 22.4 నీది కాదు, ఆయనది కావచ్చు. చాలా కార్లలో ఈ అంకె అసలు కంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

అసలు లెక్క బంకులోనే తేలుతుంది. ట్యాంకు నింపమని చెప్పి, గన్ దానంతట అది ఆగగానే చాలనాలి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకో వంద రూపాయలది పోయించకు. ట్రిప్ మీటరు సున్నా చెయ్యి. ట్యాంకు పావు వంతుకు వచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, కారు అదే వైపు తిప్పి నిలిపి మళ్లీ మొదటి కటాఫ్ దాకా పోయించు. 410 కిలోమీటర్లకు 24.2 లీటర్లు పట్టిందనుకో, లీటరుకు 16.9. స్క్రీన్ 18.4 అంటుంటే అది 8 శాతానికి పైగా ఎక్కువ చెప్తోందన్నమాట. ఐదు లీటర్లు పోయించి లెక్క కట్టకు. గన్ అర లీటరు అటూ ఇటూ ఆగితే ఐదు లీటర్ల మీద 10 శాతం తప్పు, పాతిక లీటర్ల మీద 2 శాతమే. మూడు నాలుగు ట్యాంకుల సగటు తీస్తే నీ స్క్రీన్ ఎంత కోతలు కోస్తోందో తెలిసిపోతుంది. అది రోజూ దాదాపు ఒకే మోతాదులో కోస్తుంది కాబట్టి ఆ తర్వాత 0.92తోనో ఎంతతోనో గుణించుకుంటే సరిపోతుంది.

కంపెనీ బ్రోచర్‌లోని అంకె కూడా ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపి, 90 దాటకుండా నడిపి తీసినది. దాన్ని పట్టుకుని మెకానిక్‌తో గొడవకు దిగకు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత కార్లలో 6-7 శాతం దాకా మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. ఇక స్పీడు: 80 నుంచి 100కి వెళ్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మైలేజీ మీద అంత ముచ్చటుంటే 80లో వెళ్లు, నాకూ నిద్ర పడుతుంది.

ఇప్పుడు న్యూట్రల్. బావ చెప్పింది మీ నాన్న డ్రైవింగ్ నేర్చుకున్న కాలం నాటి మాట. అప్పుడవి కార్బురేటర్ బండ్లు. గేరులో దిగుతున్నా ఇంజన్ పెట్రోలు పీలుస్తూనే ఉండేది, అందుకే ఎవరిని చూసినా న్యూట్రల్ చేసేవారు, కొందరైతే తాళం తిప్పి ఇంజనే ఆపేసేవారు. నీది ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు. గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసి, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) 1,500 పైన ఉందంటే కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. చుక్క పోదు, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేశావో, ఇంజన్ ఆగిపోకుండా ఉండాలంటే పెట్రోలు పొయ్యాల్సిందే, గంటకు అర లీటరు పైమాటే. దిగేటప్పుడు నాన్నగారిని ఇన్‌స్టంట్ మైలేజీ చూడమను, నీ కళ్లు మాత్రం రోడ్డు మీదే ఉండాలి. గేరులో ఆ గీత చివరిదాకా వెళ్లి నిలబడుతుంది.

పెట్రోలు మాట అలా ఉంచు. దోమలపెంట దాటాక కృష్ణ మీది వంతెన దాకా దిగుడే, మలుపు మీద మలుపు. తిరుగు ప్రయాణంలో సున్నిపెంట వైపు నుంచీ అంతే. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టు ఉండదు, బండి బరువంతా బ్రేకుల మీదే. అవి కాలి, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. తేమ పీల్చిన పాతది 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు, పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు. సెకండ్ హ్యాండ్ కారులో ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు కదా, శనివారంలోగా మార్పించు. రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ఇక తాళం తిప్పడమన్నది కలలో కూడా వద్దు. ఇంజన్ ఆగితే బ్రేకు తొక్కడానికి బలమిచ్చే బూస్టర్ ఒకటి రెండు తొక్కులకే ఖాళీ అవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం బయటికి తీస్తే స్టీరింగ్ లాకే పడొచ్చు.

ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు, రెండో మూడో. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు, మలుపుకు ముందే గట్టిగా ఓసారి నొక్కి వదిలెయ్. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి చల్లారనివ్వు, చక్రాల మీద నీళ్లు పొయ్యకు. వెనక లారీవాడు హారన్ కొడితే కొట్టుకోనీ, దారిచ్చేసెయ్. నిన్ను తొందరపెట్టే హక్కు వాడికి లేదు, తల్లీ.

"ఇంకా 90 కిలోమీటర్లు వెళ్తుంది" అని చూపించేదాన్ని అడవిలో నమ్మకు. అది అంతకుముందు నడిపిన తీరును బట్టి చెప్పే జోస్యం. హైవే మీద 90 అన్నది ఎక్కుడు మొదలవగానే 55 అంటుంది. ఏటవాలులో పెట్రోలు ఒక పక్కకు చేరి ముల్లు కూడా అటూ ఇటూ ఊగుతుంది. ట్యాంకులో ఉండే పంపుకు చలవ ఆ పెట్రోలే, కాబట్టి అడుగంటే దాకా నడపడం పంపుకూ చేటే. మన్ననూరు చెక్‌పోస్టు చేరకముందే ట్యాంకు నింపేసెయ్. ఆ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, కాబట్టి చీకట్లో బయల్దేరి అక్కడ కాపలా కాయాల్సిన పని లేదు. నిద్రపోయి లేచి వెళ్లండి.

గాలి పొద్దున్నే చల్లని టైర్లకు పట్టించు. ఎంతన్నది డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కరులో ఉంటుంది. పైన క్యారియర్ ఉంటే ఊడదీయించు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు చూసుకో. వెనక కూర్చున్నా మీ అమ్మ బెల్టు పెట్టుకోవాలి, నేను చెప్పానని చెప్పు.

తిరిగొచ్చాక బంకు రసీదులు, ట్రిప్ మీటర్ ఫోటో పంపు, లెక్క నేను కడతాను.

మీ పెదనాన్న

తా.క. స్టెప్నీలో గాలి ఎవరూ చూడరు, నువ్వు చూడు. జాకీ, వీల్ స్పానరు అసలు డిక్కీలో ఉన్నాయో లేదో కూడా.