వంగలో వెర్రి తెగులు: మందు కొట్టినా మొక్క ఎందుకు తేరుకోదు?

ప్రశ్న: మాది పుంగనూరు దగ్గర. అర ఎకరంలో వంగ నాటి రెండున్నర నెలలైంది. అక్కడక్కడా మొక్కలు చిట్టాకులు వేసి పొరక మాదిరి గుబురుగా అయిపోతున్నాయి. పూత లేదు, కాయ లేదు. అంగట్లో ఒకసారి జింకు లోపమని, ఇంకోసారి తెగులని మందులిచ్చినారు, యాంటీబయాటిక్ పొడి కూడా కొట్టినాం. తగ్గలేదు. పక్క చేలో టమాటా ఉంది, దానికీ వస్తుందా? – ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు చెప్పేది వెర్రి తెగులు. ఒక మొక్క దగ్గర కూర్చొని చూడండి. ఆకు కాడ పొట్టిదైపోయి ఆకులు కొమ్మకు అతుక్కున్నట్టు ఉంటాయి, కణుపు కణుపుకీ పిలకలు తోసుకొస్తాయి, ఎక్కడైనా పువ్వు వచ్చినా ఊదా రంగు పోయి పచ్చగా ఆకులాగా ఉంటుంది. జింకు లోపంలో పువ్వు ఇలా మారదు.

దీనికి కారణం ఫైటోప్లాస్మా. ఇదీ బ్యాక్టీరియానే, కానీ మామూలు బ్యాక్టీరియాకు ఉండే కణ గోడ దీనికి లేదు, పలుచని పొర ఒక్కటే. ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసే నాళాల్లోనే ఇది బతుకుతుంది. చాలా ఏళ్లు దీన్ని వైరస్ అనే అనుకున్నారు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు, మన పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులకు వేసే మల్బరీ ఉంది కదా, ఆ మొక్కలో వచ్చే పొట్టి తెగులును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి అసలు సంగతి బయటపెట్టారు. గోడ లేదు కాబట్టి, గోడ కట్టుకోకుండా అడ్డుపడే పెన్సిలిన్ లాంటి మందులు దీని మీద పనిచేయవు. కోళ్లలో దీర్ఘకాలిక శ్వాస జబ్బు తెచ్చే మైకోప్లాస్మా కూడా గోడ లేనిదే, అక్కడా ఇదే ఇబ్బంది. టెట్రాసైక్లిన్ వేరే దారిలో పనిచేసి లక్షణాలను కొన్నాళ్లు అణుస్తుంది, మందు ఆపగానే మళ్లీ మొదటికే వస్తుంది. మనం తినే కాయగూర మీద దాన్ని కొట్టమని నేను చెప్పను. డబ్బు దండగ, పైగా ఆ మందులు రేపు మనుషులకు, పశువులకు పనిచేయకుండా పోతాయి.

కాబట్టి పట్టిన మొక్కను వదులుకోండి. కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుర్లు బాగా వస్తాయని ఆశపడొద్దు, అవీ చిట్టాకులే వేస్తాయి. కాపాడుకోవాల్సింది మిగతా తోటను. ఈ తెగులు విత్తనం ద్వారా రాదు, చేతులు తగిలితే అంటదు. దీపపు పురుగులు రసం పీల్చుతూ మోసుకొస్తాయి. జబ్బు మొక్క రసం తాగిన పురుగు వెంటనే అంటించలేదు, రెండు మూడు వారాలు ఫైటోప్లాస్మా దాని ఒంట్లో పెరగాలి, ఆ తర్వాత చచ్చేదాకా మొక్క మొక్కకూ అంటిస్తూనే ఉంటుంది. అంటిన మొక్కలో లక్షణాలు బయటపడేసరికి ఇంకొన్ని వారాలు పడుతుంది, అందుకే ఈ రోజు పీకేసినా వచ్చే నెలలో ఇంకో నాలుగు మొక్కలు కనబడొచ్చు. టెన్షన్ పడకండి, వారానికొకసారి తోటంతా తిరిగి కనబడినవి కనబడినట్టు పీకండి.

పీకే పద్ధతి ముఖ్యం. ఊరికే పట్టి లాగితే పురుగులు ఎగిరి పక్క మొక్కల మీద వాలతాయి. ముందు రోజు సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి తోటంతా కొట్టండి, పొద్దున్నే పీకి గుంతలో పూడ్చేయండి లేదా కాల్చేయండి, గట్టున పారేయొద్దు. పురుగు మరీ ఎక్కువగా ఉంటే మీ రైతు సేవా కేంద్రంలో మొక్క చూపించి, వంగకు అనుమతి ఉన్న మందే అడిగి తీసుకోండి. ఆ మందు కొట్టాక డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కాయ కోయొద్దు.

గట్ల మీద ఉమ్మెత్త, ఇంటి దగ్గర బిళ్లగన్నేరు చిట్టాకులు వేసుంటే అవీ తీసేయండి. టమాటాకూ ఫైటోప్లాస్మా తెగుళ్లు వస్తాయి కాబట్టి ఆ చేలో పూమొగ్గలు ఉబ్బి, పచ్చగా, విచ్చుకోకుండా ఉన్న మొక్కలు కనబడితే అవీ పీకాల్సిందే. వచ్చే పంటకు నారు ఈ తోటకు దూరంగా, నైలాన్ వల కింద పెంచండి. ఈ పాత వంగ మొత్తం తీసేశాకే కొత్తది నాటండి.