ఒక్కసారి ఆలస్యమైతే హోమ్‌లోన్ ఇక రాదా?

ప్రశ్న: ఐదేళ్లకు ఆరు లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. ఏడాది సరిగ్గా కట్టాక, జీతం ఆగిపోయి ఒక ఈఎంఐ 40 రోజులు ఆలస్యమైంది. తర్వాత పది నెలలుగా ఒక్క రోజు తప్పలేదు. అయినా హోమ్‌లోన్‌కు బ్యాంకు వెనకాడుతోంది. ఈ మచ్చ ఎన్నాళ్లు? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టెన్షన్ పడకండి, దారి ఉంది. ముందు బ్యాంకు భయమేమిటో చూద్దాం.

వెయ్యి మంది అప్పు తీసుకున్నారనుకోండి. అప్పటిదాకా కడుతున్నవారిలో నెలకు వెయ్యికి ఐదుగురి చొప్పున చేతులెత్తేస్తే, ఏడాదికి 58 మంది, ఐదేళ్లకు సుమారు 260 మంది ఆగిపోతారు. ఇక హోమ్‌లోన్ అంటే ఇరవై ఏళ్ల మాట! పైగా నెలకు ఐదుగురన్నది అందరికీ ఒకటి కాదు. ఇటీవల వాయిదా తప్పినవారికి ఆ సంఖ్య ఎక్కువ పెడతారు, వరుసగా కడుతూ పోతే తగ్గిస్తారు. రోగులు ఎంతకాలం బతుకుతారో అంచనా వేసే సర్వైవల్ అనాలసిస్‌నే అప్పులకూ వాడుతున్నారు.

మీ 40 రోజుల్లో గట్టి దెబ్బ చివరి పది రోజులది. ఆర్‌బీఐ లెక్కలో ఆలస్యం 30 రోజుల వరకు అయితే ఎస్‌ఎంఏ-0 (ఎస్‌ఎంఏ అంటే ఓ కన్నేసి ఉంచాల్సిన ఖాతా), దాటితే ఎస్‌ఎంఏ-1, 60 దాటితే ఎస్‌ఎంఏ-2, 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. పెద్ద ఎన్‌బీఎఫ్‌సీలైతే (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు), 30 రోజులు దాటిన అప్పుకు సాధారణంగా ఒక్క ఏడాదికి కాకుండా మిగిలిన కాలమంతటికీ రాగల నష్టాన్ని లెక్కగట్టాలి.

సిబిల్ రిపోర్టులో 36 నెలల చెల్లింపులు కనిపిస్తాయి. అన్నాళ్లూ ఆగనక్కర్లేదు, కొత్త నెలలకే బరువెక్కువ. నా ఉద్దేశంలో ఇంకో ఏడాది ఇలాగే కట్టి అడగండి. ఈలోగా నాలుగైదు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకండి, ప్రతి ఎంక్వైరీ రిపోర్టులో పడుతుంది. జీతం ఆగిన సంగతి కంప్యూటర్ లెక్కకు తెలియదు. కంపెనీ నుంచి లెటర్, ఆ నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్లి మేనేజర్‌కు చూపించండి.

మూడు ఈఎంఐల డబ్బు విడి ఖాతాలో ఉంచండి. మళ్లీ జీతం ఆగినా 30 రోజుల లోపే ఒక్క వాయిదా అయినా కట్టేయండి. అది పాత బాకీకే జమవుతుంది కాబట్టి, ఆలస్యం రోజుల లెక్క అక్కడే తగ్గుతుంది.