ప్రశ్న – జవాబు: బోనిఫాస్‌ని తెలుగు వేదిక ఎక్కించాలంటే

ప్రశ్న: దక్షిణాఫ్రికాలో డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాషకు తొలి నాటకకర్త అని విని, సంగీతకారుడు కూడా అయిన షార్ల్ ఎతియెన్ బోనిఫాస్ మీద ఇరవై నిమిషాల నాటిక వేద్దామనుకుంటున్నాం. ఆయన నాటకంలో పాత్రలు రకరకాల భాషలు మాట్లాడతాయట. తెలుగులో ఎలా రాయాలి? గిటార్ ఎలాంటిది తీసుకోవాలి?
– ఒక నాటక బృందం, నారాయణగూడ, హైదరాబాద్

జవాబు: ముందు ఆ బిరుదు తీసెయ్యండి. 1787లో పారిస్‌లో పుట్టి 1807లో దక్షిణాఫ్రికాలోని కేప్ చేరిన బోనిఫాస్ ఎక్కువగా రాసింది డచ్, ఫ్రెంచి భాషల్లో. ఆఫ్రికాన్స్ కోసం కేప్‌లోని పార్ల్ పట్టణంలో సంఘం ఏర్పడింది 1875లో, అధికార హోదా వచ్చింది 1925లో. అయితే 1832 నాటి ప్రహసనం ‘డి టెంపరాంటిస్టెన్’లో అక్కడి మూలవాసులైన ఖోయిల పాత్రల చేత కేప్ వీధుల్లో వినబడే, తర్వాత ఆఫ్రికాన్స్‌గా ఎదిగిన మాటే మాట్లాడించాడు. భాషా చరిత్రకారులు ఆయన్ని వదలనిది అందుకే.

ఆ పాత్రలకు తెలంగాణ యాసో, దక్కనీయో తగిలించారా, హాలంతా యాసను చూసి నవ్వుతుంది. మూలంలో ఉన్న చిక్కే అది. మద్యనిషేధ ఉద్యమంతో పాటు, ఖోయిల హక్కుల కోసం వాదించిన మిషనరీ జాన్ ఫిలిప్‌ని ఎగతాళి చేస్తూ, ఖోయిలనే తాగుబోతులుగా చూపించాడు. 1828 చట్టం వాళ్లకు సమానత్వం ఇవ్వడం శ్వేత భూస్వాములకు మింగుడుపడని కాలమది. బానిసత్వం కూడా అప్పటికింకా ఉంది, రద్దయింది 1834 డిసెంబరులో. కాబట్టి ఖోయిలకు మామూలు వాడుక తెలుగు ఇవ్వండి, డచ్ పెద్దమనుషులకు బరువైన గ్రాంథికం పెట్టండి. నవ్వు దారి మళ్లుతుంది. ఒక ఇంగ్లీషు పాత్రను మాత్రం ఇంగ్లీషులోనే వదిలేయవచ్చు. మన ప్రేక్షకులకు అదేం ఇబ్బంది కాదు.

గిటార్ స్టీలు తీగలది వద్దు. అప్పట్లో చిన్న డొక్క, పేగు తీగలు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ దగ్గరగా ఉంటుంది. కొత్త తీగలు రెండు మూడు రోజులు సాగి శ్రుతి జారుస్తాయి కనుక ప్రదర్శనకు కనీసం మూడు రోజుల ముందే మార్చండి. ఏసీ హాల్లో అరగంట ముందే వేదిక మీద ఉంచి, ఆ తర్వాత శ్రుతి చేయండి. మైకు ఒక అడుగు దూరంలో, మెడ డొక్కతో కలిసేచోటికి గురిపెట్టాలి. రంధ్రానికి ఎదురుగా పెడితే మోత గుంయిమంటుంది.

జీవితమంతా ఇరవై నిమిషాల్లో ఇరికించవద్దు. ‘డి జూయిడ్ ఆఫ్రికాన్’ పత్రికకు సంపాదకుడైన 1830 నుంచి ప్రహసనం వచ్చిన 1832 దాకా చాలు. 1844లో దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని నేటాల్‌లో పెట్టిన పత్రిక, 1853లో డర్బన్‌లో మరణం కరపత్రంలో రెండు వాక్యాలుగా వేసుకోండి.