ఒక్క ఆటగాడి వల్ల బాస్కెట్‌బాల్ రూల్సే మారాయంటారు, ఎవరాయన?

జార్జ్ మైకన్. 1924లో అమెరికాలోని ఇలినాయ్‌లో పుట్టాడు. ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు, కళ్లకు మందపాటి అద్దాలు. అంత పొడుగువాళ్లు ఆటకు పనికిరారనుకునే రోజులవి. డిపాల్ యూనివర్సిటీ కోచ్ రే మేయర్ స్కిప్పింగ్, డాన్స్ కూడా చేయించి అతని కదలికల్లో చురుకు తెప్పించాడు.

మినియాపొలిస్ లేకర్స్ జట్టుకు 1949-54 మధ్య ఐదు టైటిళ్లు అందించాడు. 1950లో ఒక మ్యాచ్‌లో అతని చేతికి బంతి చిక్కకూడదని ప్రత్యర్థి జట్టు ఫోర్ట్ వేన్ పిస్టన్స్ షాట్లు కొట్టకుండా బంతి పట్టుకుని కూర్చుంది. స్కోరు 19-18! లేకర్స్ ఓడింది, కానీ వాళ్ల 18లో 15 మైకన్‌వే. టికెట్ కొన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 1954లో 24 సెకన్ల షాట్ క్లాక్ (బంతి అందాక ఆ గడువులోపే షాట్ కొట్టాలి) వచ్చింది ఇలాంటి సాగదీత ఆటల వల్లే. అచ్చంగా మైకన్ కోసం మార్చిన రూల్ మాత్రం 1951 నాటిది: బుట్ట ముందు, దాడి చేసే ఆటగాడు ఎక్కువసేపు నిలబడకూడని లేన్ వెడల్పును 6 నుంచి 12 అడుగులకు పెంచారు.

తర్వాత లాయరయ్యాడు. 1967లో ఏబీఏ (అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్) లీగ్ తొలి కమిషనరయ్యాడు. 2005లో చనిపోయాడు.