ముందు గల్లాపెట్టె, తర్వాత గొడవ

తమ్ముడూ,

నువ్వు పంపిన మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు శ్రద్ధగా చదివాను. నష్టాల్లో ఉన్న హోటళ్లను, దుకాణాలను ఒక నిపుణుడు వచ్చి గట్టెక్కించే రియాలిటీ షోకి రాసే అవకాశం నీ వయసులో రావడం అదృష్టమే. ఈ రకం షోలంటే నాకు గౌరవం ఉంది. మన సినిమాల్లో వ్యాపారం ఒక్క పాటలో పెద్దదైపోతుంది. అద్దె ఎంత, సరుకు ఎంత, జీతాలెంత అని ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది ఈ షోల్లోనే.

నీ స్క్రిప్టు మొదటి పది నిమిషాల్లో మెస్సు నడిపే అన్నదమ్ముల గొడవ ఉంది, వదిన కన్నీళ్లున్నాయి, దోశ మాస్టరు గరిటె విసిరేసి వెళ్లిపోవడం ఉంది. అంతా చదివాక కూడా ఆ మెస్సు నెలకు ఎంత పోగొట్టుకుంటోందో నాకు తెలియలేదు. దాంతో అన్నదమ్ములు దేనికి కొట్టుకుంటున్నారో కూడా తెలియలేదు. ఈ ఉత్తరంలో నేను చెప్పేది ఆ రెండింటికీ ఉన్న సంబంధం గురించే. లెక్క తెలియని గొడవ వట్టి అరుపులే. లెక్క తెలిస్తే అదే గొడవకు ప్రేక్షకుడు లేచి కూర్చుంటాడు.

నష్టాల్లో ఉన్న హోటళ్లను బాగుచేసే బ్రిటన్ షెఫ్ గోర్డన్ రామ్సే 'కిచెన్ నైట్‌మేర్స్' షోలు చూశానన్నావు కదా. ఏ వెర్షన్ చూశావు? బ్రిటన్‌లో 2004లో చానల్ 4లో మొదలైనది ఒకటి, అమెరికాలో 2007 నుంచి ఫాక్స్‌లో వచ్చినది ఇంకొకటి. మనిషి అదే, పనీ దాదాపు అదే. కానీ బ్రిటన్ వెర్షన్‌లో కథ చెప్పే గొంతు రామ్సేదే. ఎందుకు విసుగొచ్చిందో, ఎక్కడ ఆశ కలిగిందో తనే చెబుతాడు. కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తాడు. అమెరికా వెర్షన్‌లో ఇంకెవరిదో గంభీరమైన గొంతు, ప్రతి మాటకీ వెనక మోత, బ్రేక్ ముందు చూపించిందే బ్రేక్ తర్వాత మళ్లీ. నాకు మొదటిదే నచ్చుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఎడిటింగ్ టేబుల్ మీద ఏం తీసేస్తే విషయం పోతుందో అర్థమవుతుంది.

బ్రిటన్ వెర్షన్ ఎపిసోడ్లలో ఎక్కువగా ఒకే క్రమం కనిపిస్తుంది. ముందు ఆయన కూర్చుని భోజనం చేస్తాడు. తర్వాత వంటగదిలోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీస్తాడు. జనం ఆ ఫ్రిజ్‌లోని బూజును గుర్తుపెట్టుకుంటారు. నువ్వు రచయితవి కాబట్టి ఆ బూజు ఎలా పుట్టిందో చూడాలి. మెనూ కార్డు మీద చాంతాడంత ఐటమ్స్ ఉంటాయి. అన్నిటికీ సరుకు తెచ్చి పెట్టుకోవాలి. సగం ఐటమ్స్ ఎవరూ అడగరు, సరుకు కుళ్లిపోతుంది. కుళ్లకూడదని ముందే వండి ఫ్రీజర్‌లో పడేస్తారు. ఆర్డరొస్తే మైక్రోవేవ్‌లో వేడిచేసి పంపుతారు. రుచి పోతుంది, వచ్చినవాళ్లు మళ్లీ రారు, సరుకిచ్చినవాడికి బాకీ పెరుగుతుంది. అప్పుడు మొదలవుతుంది మొగుడూ పెళ్లాల మధ్య యుద్ధం. అందుకే రామ్సే చాలాచోట్ల మెనూ కుదించమంటాడు. హోటల్ యజమానికి అది చేయి నరుక్కున్నట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ కార్డు నిండా ఆయన ఏళ్ల తరబడి పెంచుకున్న ఆశలే. ఆ కార్డులోంచి ఒక్కో ఐటమ్ కొట్టేస్తున్నప్పుడు ఆ మనిషి ముఖం చూపిస్తే చాలు. డ్రామా, విషయం రెండూ ఆ ఒక్క షాట్‌లో ఉన్నాయి.

ఆ మొదటి సిరీస్‌లోనే యార్క్‌షైర్‌లో సిల్స్‌డెన్ అనే ఊళ్లోని బోనపార్ట్స్ అనే రెస్టారెంట్ ఎపిసోడ్ ఉంది. అక్కడ కుర్ర షెఫ్ వండిన పాడైన స్కాలప్స్ (సముద్రపు చిప్పల మాంసం) తిని రామ్సే వాంతి చేసుకుంటాడు. అందరూ చెప్పుకునేది అదే. నాకు మాత్రం ఆ తర్వాత ఆయన ఆ కుర్రాణ్ణి ఆమ్లెట్ వేయమనడమే గొప్ప సీన్. పెద్ద పెద్ద వంటకాల పేర్లు చెప్పే షెఫ్‌కి గుడ్డు సరిగ్గా వేయడం రాలేదు. ఒక్క పెనంతో ఆ హోటల్ జబ్బేమిటో బయటపడింది. ఆ ఎపిసోడ్‌లో సీన్లు కల్పించి తీశారని లండన్ పత్రిక ఈవెనింగ్ స్టాండర్డ్ రాస్తే, రామ్సే పరువునష్టం దావా వేశాడు. 2006లో ఆయనకు 75,000 పౌండ్ల పరిహారం దక్కింది. ఈ సంగతి నీకెందుకంటే, ఇలాంటి షోకి నిజమనే పేరే పెట్టుబడి. రేపు నీ స్క్రిప్టులో ఒక సీన్ గురించి ఎవరైనా అడిగితే, ఇది జరిగింది అని నువ్వు తలెత్తి చెప్పగలగాలి.

అరుపులు లేకపోతే జనం చూడరు అని మీ ప్రొడ్యూసర్ అంటున్నాడని రాశావు. ఆయనకి 1990లో బీబీసీలో వచ్చిన 'ట్రబుల్‌షూటర్' గురించి చెప్పు. ఐసీఐ అనే పెద్ద రసాయనాల కంపెనీకి ఛైర్మన్‌గా చేసిన సర్ జాన్ హార్వీ జోన్స్ చితికిన కంపెనీలకు, చితకబోతున్నాయనిపించిన కంపెనీలకు వెళ్లి సలహా ఇచ్చే షో అది. మాల్వర్న్‌లో మోర్గన్ కార్ల ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడ కార్ల బాడీకి చెక్కతో ఫ్రేము చేస్తారు, అంతా చేతిపనే. అప్పట్లో కారు కావాలంటే కొనేవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఉత్పత్తి పెంచండి, పద్ధతులు మార్చండి అన్నాడాయన. మోర్గన్ కుటుంబం కుదరదంది. ఆ ఎదురుచూపే తమ కారుకున్న విలువ అని వాళ్ల నమ్మకం. ఎవరూ ప్లేటు విసరలేదు, ఎవరూ ఏడవలేదు. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఎందుకంటే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, మధ్యలో అంతమంది చేసే పని ఉంది. ఆ కంపెనీ ఇప్పటికీ కార్లు చేస్తోంది.

నిపుణుడి మాట వేదం కాదని రాయడానికి నువ్వు భయపడకు. నీ స్క్రిప్టులో నిపుణుడు చెప్పిందల్లా రైటే, హోటల్ వాళ్లు చేసిందల్లా తప్పే. అమెరికాలో 'బార్ రెస్క్యూ' అని, నష్టాల్లో ఉన్న బార్లను జాన్ ట్యాఫర్ అనే నిపుణుడు బాగుచేసే షో ఉంది. వాషింగ్టన్ పక్కన సిల్వర్ స్ప్రింగ్‌లో సముద్రపు దొంగల వేషాలతో నడిచే ఒక బారును, చుట్టూ ఆఫీసులున్నాయి కదా అని, 'కార్పొరేట్' అనే పేరుతో ఆఫీసువాళ్ల బారుగా మార్చేశాడు. కెమెరాలు వెళ్లిపోగానే వాళ్లు మళ్లీ దొంగల వేషాలు కట్టారు. ఆ వీధిలో ఆఫీసు ఉద్యోగులు ఎక్కువమంది ఉన్నారన్న లెక్క సరైనదే. ఆ బారు పెట్టుకున్నవాళ్లు ఎవరు, ఏం ఇష్టపడి పెట్టుకున్నారన్నది ఆ లెక్కలోకి రాలేదు. అక్కడ మంచి కథ ఉంది, కానీ ఎపిసోడ్ అయిపోయాక మొదలైంది.

అందుకే చివర్లో గోడలకు కొత్త రంగు, కొత్త యూనిఫాం, బయట క్యూ చూపించి ముగించకు. టీవీలో వచ్చిన హోటల్‌కి మొదటి వారం జనం ఎలాగూ వస్తారు. వాళ్లు నెల తర్వాత కూడా వస్తున్నారా అన్నదే ప్రశ్న. ఇలా గట్టెక్కించిన హోటళ్లలో చాలావరకు తర్వాత మూతపడ్డాయి. షో వచ్చేనాటికే మెడలోతు అప్పుల్లో ఉన్నవాళ్లు వాళ్లు. వారం రోజుల షూటింగుతో అప్పు తీరదు. ఆ మాట దాచి పెట్టకుండా చెప్పే షో మన భాషలో రావాలని నా కోరిక. మూడు నెలల తర్వాత ఒక్క రోజు కెమెరా మళ్లీ వెళ్లేలా ఇప్పుడే బడ్జెట్‌లో రాయించుకో. షూటింగ్ మొదలయ్యాక అడిగితే ఇవ్వరు.

ఇంకొకటి, ఆ వదిన గారి సీన్. ఆమె ఒప్పుకుని సంతకం పెట్టిందని నాకు తెలుసు. కానీ ఆమె రేపు అదే వీధిలో కూరగాయలు కొనాలి, అదే బడికి పిల్లల్ని దింపాలి. ఆమె ఏడుపు క్లోజప్ ఉంచాలంటే, ఆమె దేనికి ఏడుస్తోందో ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉండాలి. నువ్వు రాసిన నోట్సులో ఒక మూల చూశాను. ఆమె గాజులు కుదువపెట్టి కమర్షియల్ గ్యాస్ సిలిండర్లకు డబ్బు కట్టిందట. అది స్క్రిప్టులో ఎక్కడా లేదు! దాన్ని మొదటి సీన్‌కి తీసుకురా. ఆమె సిలిండర్ల రసీదులు టేబుల్ మీద పరిచి చూపించనీ, మరిది అప్పుడే మొదటిసారి వాటిని చూడనీ. తర్వాత ఆమె ఏడ్చినా, ఏడవకపోయినా ఆ సీన్ నిలబడుతుంది.

రెండో డ్రాఫ్ట్ మొదలుపెట్టే ముందు ఆ మెస్సుకి కెమెరా లేకుండా వెళ్లు. పొద్దున ఇడ్లీ పిండి దగ్గర్నుంచి రాత్రి గల్లా లెక్కపెట్టే దాకా కూర్చో. ఎన్ని మీల్స్ అమ్మారు, ఎంత అన్నం పారబోశారు, పార్సిళ్లకు యాప్ వాళ్లు ఎంత కోసుకున్నారు, చిట్టీ డబ్బు ఎవరు కడుతున్నారు, అన్నీ రాసుకో. షాపు అద్దె అగ్రిమెంటు ఏ అన్నదమ్ముడి పేరు మీద ఉందో, అప్పు కాగితం మీద ఎవరి సంతకం ఉందో తప్పకుండా కనుక్కో. ఆ రెండూ వేరు వేరు పేర్లయితే నాకు వెంటనే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య